భాగం 7: నీటి స్థలాలు, జానపద గాథలు, పునరుద్ధరణ – కొల్లేరు నుంచి ఒక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• బావి, చెరువు, కాలువలకు సంబంధించిన జానపద గాథను చరిత్ర ఆధారంగా ఎంతవరకు వాడుకోవచ్చో వివరించగలుగుతారు.
• పాత నీటి స్థలాన్ని పునరుద్ధరించడానికీ, కేవలం సుందరీకరించడానికీ గల తేడాను చెప్పగలుగుతారు.
• మీ ఊరిలోని ఒక బావి చరిత్రను స్వయంగా నమోదు చేయగలుగుతారు.

7.1 పరిచయం

మీ ఊరిలో వాడకం మానేసిన బావి ఒకటి తప్పకుండా ఉంటుంది. దాని గిలక ఎప్పుడో పోయి ఉంటుంది. ఒరలో రావి మొక్క మొలిచి ఉంటుంది. ఊరి పెద్దవారిని అడిగితే ఆ బావి గురించి ఒక కథ చెబుతారు. ఎవరో అందులో దూకిందనీ, ఎవరో కలలో కనిపించి అక్కడ తవ్వమన్నారనీ, ఎంత ఎండకాలమైనా ఆ నీరు ఇంకదనీ అంటారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతంలో బావులు ఎందుకు వెనకబడ్డాయో ముందుగా గమనించండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి నీరు ఏలూరు కాలువ గుండా తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరింది. కృష్ణా నుంచి వచ్చే కాలువ కూడా ఏలూరు దగ్గరే దానిని కలుస్తుంది. డెల్టా గ్రామాలకు సాగునీటితోపాటు తాగునీరు కూడా కాలువ నుంచీ, కాలువ నీటితో నింపే చెరువుల నుంచీ రాసాగింది. మెట్ట ప్రాంతంలో మోట బావులు ఇంకా చాలాకాలం పనిచేశాయి. తర్వాత బోర్లు, కుళాయిలు వచ్చాయి. బావి అవసరం తీరిపోయింది, కథ మాత్రం మిగిలింది.

ఇప్పుడు ఇలాంటి స్థలాలను బాగుచేయాలన్న ఆలోచన పలుచోట్ల మొదలైంది. చుట్టూ రాతి పలకలు పరచి, ఇనుప జాలీ బిగించి, దీపాలు పెట్టి, కథను రెండు వాక్యాలలో రాసిన ఫలకం నిలబెడతారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఆ ఫలకం దగ్గర ఆగాలి. ఆ రెండు వాక్యాలలో ఏది చేరింది, ఏది తప్పిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి, మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఒక నీటి కథతో మొదలుపెడదాం. అది బావి కథ కాదు, కాలువ కథ. అయితే బావి కథలను చదివే పద్ధతిని అది చక్కగా నేర్పుతుంది.

7.2 పేరంటాళ్ల కనుమ కథ

కొల్లేటి సరస్సులోని ఒక లంక మీద కొల్లేటికోట ఉంది. నేడు అక్కడ పెద్దింట్లమ్మ అమ్మవారి ఆలయం ఉంది. ఫాల్గుణ మాసంలో జరిగే జాతరకు లంక గ్రామాల నుంచీ, దూర ప్రాంతాల నుంచీ జనం వస్తారు.

ఈ కోట ఒకప్పుడు ఒడిశా గజపతుల అధీనంలో ఉండేదని కథ చెబుతుంది. శత్రు సేనాని వచ్చి సరస్సు ఒడ్డున చిగురుకోట దగ్గర విడిది చేశాడు. చుట్టూ నీరు ఉన్నంతకాలం కోటను పట్టుకోవడం అతనికి సాధ్యం కాలేదు. సరస్సు నీరు సముద్రంలోకి పోయేటట్లు, నేటి ఉప్పుటేరు ఉన్నచోట కాలువ తవ్వించాలనుకున్నాడు. నీటిమట్టం తగ్గితే సైన్యం కోట చేరవచ్చు. ఆ పని నెరవేరడానికి దేవతలను శాంతింపజేయాలని తన కూతురినే బలి ఇచ్చాడు. అందుకే ఆ కాలువకు పేరంటాళ్ల కనుమ అన్న పేరు వచ్చింది.

పేరులోని రెండు మాటలనూ గమనించండి. పేరంటాలు అంటే పేరంటానికి వచ్చే ముత్తైదువ. బలిగానో, అగ్నిప్రవేశం వల్లనో మరణించి గ్రామదేవతగా పూజలందుకునే స్త్రీని కూడా కోస్తా గ్రామాలలో ఇదే మాటతో పిలుస్తారు. కనుమ అంటే సాధారణంగా రెండు కొండల మధ్య దారి. ఇక్కడ అది నీటికి చేసిన దారి అయింది.

7.3 ఈ కథలో చరిత్ర ఎంత?

ఇలాంటి కథ విన్నప్పుడు విద్యార్థులు రెండు రకాల పొరపాట్లు చేస్తారు. కొందరు మొత్తం జరిగినట్టే రాస్తారు. కొందరు కట్టుకథ అని కొట్టిపారేస్తారు. ఈ రెండూ తొందరపాటే. కథను పొరలుగా విడదీసి చూడాలి.

మొదటి పొర భూగోళం. ఇది చాలా కచ్చితంగా ఉంది. బుడమేరు, తమ్మిలేరు, అనేక మురుగు కాలువలు కొల్లేటిలో కలుస్తాయి. సముద్రానికి పోయే సహజమైన దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. ఆ ముఖం ఎంత తెరిస్తే సరస్సు అంత దిగుతుంది. ఈ సంగతి తెలియని వారు ఈ కథ అల్లలేరు. అంటే ఇది నీటి మధ్య బతికినవారి జ్ఞానం.

రెండవ పొర రాజకీయ జ్ఞాపకం. 15వ శతాబ్ది మధ్యభాగంలో కపిలేశ్వర గజపతి కాలంలో ఒడిశా రాజ్యం కృష్ణా తీరం దాకా, ఆ పైకి కూడా విస్తరించింది. కొండపల్లి, కొండవీడు కోటల కోసం గజపతులు, బహమనీలు, విజయనగర రాజులు పోరాడారు. 16వ శతాబ్ది రెండవ దశకంలో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటలను జయించాడు. కథలోని గజపతి ప్రస్తావన ఈ కాలాన్ని గుర్తుచేస్తుంది. అంతమాత్రాన ఫలానా సంవత్సరంలో ఫలానా సేనాని ఈ కాలువ తవ్వించాడని రాయకూడదు. అలా రాయాలంటే శాసనమో, సమకాలీన రచనో, తవ్వకాలలో దొరికిన ఆధారమో ఉండాలి.

మూడవ పొర మూల్యం. యుద్ధం ఇద్దరు రాజులది. లాభం సేనానిది. ప్రాణం మాత్రం ఒక ఆడపిల్లది. కథలో ఆమెకు పేరు లేదు, మాట కూడా లేదు. అయినా జనం ఆ కాలువను సేనాని పేరుతో పిలవలేదు, పేరంటాలి పేరుతో పిలిచారు. ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. నీటి కథను “ఇది నిజంగా జరిగిందా?” అని మాత్రమే అడిగితే సగం వదిలేసినట్టే. “ఈ నీటి కోసం ఎవరు మూల్యం చెల్లించారని ఈ ఊరు అనుకుంటోంది?” అని కూడా అడగాలి.

7.4 ఇతర ప్రాంతాల కథలతో పోలిక

ఒకే కథ ఆధారంగా నిర్ణయానికి రాకూడదు. కాబట్టి మరో మూడు కథలను పక్కన పెట్టి చూద్దాం.

అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు, ముసలమ్మ అనే కోడలు ఊరి కోసం ఆత్మార్పణ చేసుకుందని కథ. ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశారు. కన్నడంలో ‘కెరెగె హార’ అనే జానపద గేయకథ ఉంది. తవ్విన చెరువులో నీరు పడకపోతే ఇంటి చిన్నకోడలు భాగీరథిని అందుకు బలి చేస్తారు. గుజరాత్‌లోని పాటణ్‌లో సహస్రలింగ తటాకం ఉంది. అందులో నీరు నిలవడానికి మేఘమాయా అనే దళిత యువకుడు ప్రాణమిచ్చాడని కథ. అందుకు బదులుగా తనవారిపై ఉన్న అవమానకరమైన ఆంక్షలు తొలగించమని రాజును కోరాడని ఆ సమాజం నేటికీ చెప్పుకుంటుంది.

కూతురు, కోడలు, మరో కోడలు, దళిత యువకుడు. బలి అయినవారు ఎవరో చూడండి. ఇంట్లోనో, ఊళ్ళోనో నిర్ణయం చేసే అధికారం లేనివారే. నిజంగా నరబలి జరిగిందని ఈ కథలు రుజువు చేయవు. అయితే చెరువు కట్ట తెగుతుందన్న భయాన్నీ, తవ్వకంలో కూలిన మట్టి కింద పోయే ప్రాణాలనూ, ఎవరి ప్రాణాన్ని చౌకగా చూశారన్న సంగతినీ ఇవి దాచి ఉంచాయని అనుకోవచ్చు.

బావుల విషయంలో ఈ మూల్యానికి మరో రూపం ఉంది. బావి తవ్వడం, రాయి కొట్టడం తరతరాలుగా వడ్డెర కులస్థుల వృత్తి. ఊరి బావి ఎవరు తవ్వించారో శాసనం చెప్పవచ్చు గాని ఎవరు తవ్వారో చెప్పదు. ఇక ఆ నీటిని ముట్టుకోవడానికి కూడా వీలులేనివారు ఉన్నారు. దళితులు బావి దగ్గర నిలబడి, ఎవరైనా తోడిపోస్తే తెచ్చుకోవలసిన స్థితి చాలా గ్రామాలలో ఉండేది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో డా. బి.ఆర్. అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీరు తాగారు. అది దాహం తీర్చుకోవడం కోసం కాదు, మానవ హక్కును స్థాపించడం కోసం. బావి చరిత్ర రాస్తున్నప్పుడు దాని రాళ్ళ లెక్కతోపాటు దాని దగ్గరికి రానివ్వనివారి లెక్క కూడా రాయాలి.

7.5 పునరుద్ధరణ: రెండు అనుభవాలు

కథ సంగతి ఇలా ఉండగా, కట్టడం సంగతి చూద్దాం. తెలుగు నేల మీద ఇటీవల జరిగిన రెండు పునరుద్ధరణలు అధ్యయనానికి పనికివస్తాయి. రెండూ హైదరాబాద్ మహానగరంలోనివే.

మొదటిది గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని బడీ బావ్లీ. 2013 వానలకు దాని ఒక వైపు కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి దానిని తిరిగి నిలబెట్టింది. సంప్రదాయ పద్ధతిలో సున్నపు గచ్చు, రాతి పని చేయించారు. బావిలోకి వాన నీరు చేరే దారులు కూడా చూశారు. ఈ ప్రాంగణంలోని మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో ‘అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్’ లభించింది.

రెండవది సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి. ఆ ప్రాంతాన్ని పూర్వం నాగన్నకుంట అనేవారు. సేఠ్ బన్సీలాల్ పేరు తర్వాత వచ్చింది. వాడకం మానేశాక బావి చెత్తతో పూర్తిగా పూడిపోయింది. 2021లో నగరపాలక సంస్థ, పట్టణాభివృద్ధి సంస్థలతో కలిసి ‘ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’ అనే సంస్థ పని ప్రారంభించింది. పూడిక తీస్తున్నకొద్దీ మెట్లు, కమానులు, స్తంభాలు బయటపడ్డాయి. 2022 డిసెంబర్ 5న బావిని ప్రజలకు తెరిచారు.

ఈ రెండింటిలో సామాన్యంగా కనిపించే సూత్రాలు ఇవి:

అ) ముందు నీరు, తర్వాత అలంకరణ. బావి అంటే గొయ్యి కాదు. చుట్టుపక్కల నేలలో ఇంకిన వాన నీరు చేరే చోటు. చుట్టూ సిమెంటు పరిచి, మురుగు కాలువను పక్కనే పోనిస్తే ఎంత అందంగా కట్టినా బావి చచ్చిపోతుంది.

ఆ) పాత సామగ్రికి సరిపడే కొత్త సామగ్రి. సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే నిలిచి రాయి, ఇటుక దెబ్బతింటాయి.

ఇ) ముందు నమోదు, తర్వాత తవ్వకం. పూడిక కూడా ఒక ఆధారమే. కుండపెంకులు, నాణేలు, విరిగిన విగ్రహాలు ఏ లోతులో దొరికాయో రాయకుండా యంత్రంతో ఎత్తి పారబోస్తే ఆ చరిత్ర తిరిగి రాదు.

ఈ) పేర్లను కాపాడడం. నాగన్నకుంట అన్న పాత పేరులో ఒక నాగన్న, ఒక కుంట ఉన్నారు. దాత పేరు, అధికారి పేరు, నాయకుని పేరు ఫలకం మీదికి చేరినప్పుడు జనం పిలిచిన పేరు కూడా వాటి పక్కన ఉండాలి.

7.6 రాళ్ళు లేని వారసత్వం: కొల్లేరు

మెట్లబావిని బాగుచేయడం ఒక రకంగా తేలిక. దానికి గోడలు ఉన్నాయి, హద్దులు ఉన్నాయి. పేరంటాళ్ల కనుమకు ఏమున్నాయి? ప్రవహించే నీరు మాత్రమే. ఈ కథకు సంబంధించిన స్థలాన్ని పునరుద్ధరించడమంటే కొల్లేటిని పునరుద్ధరించడమే. ఆ ప్రయత్నం నిజంగానే జరిగింది.

1970లలో ప్రభుత్వం సరస్సు భూములలో చెరువులు తవ్వించి మత్స్యకారుల, బలహీన వర్గాల సహకార సంఘాలకు ఇచ్చింది. కాలక్రమంలో లాభాల కోసం బయటి పెట్టుబడి వచ్చింది. చెరువులు లీజులకు వెళ్ళాయి. గట్లు పెరిగిపోయి నీటి దారులకు అడ్డుపడ్డాయి. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో తెంచివేశారు.

సరస్సుకు గాలి ఆడింది. కానీ లంక గ్రామాలలో చెరువు వాటా మీద, కూలి మీద బతికినవారు పని కోల్పోయారు. పెద్ద లీజుదారుకు మరోచోట పెట్టుబడి పెట్టుకునే దారి ఉంది. గట్టు మీద కాపలా కాసినవాడికి, చేపలు పట్టిన కూలీకి ఆ దారి లేదు. తర్వాతి సంవత్సరాలలో పలుచోట్ల చెరువులు మళ్ళీ వెలిశాయి. అభయారణ్యం హద్దును +5 నుంచి +3 కాంటూరుకు తగ్గించాలన్న డిమాండు కూడా బలంగా వచ్చింది. రాష్ట్ర శాసనసభ ఆ మేరకు తీర్మానించింది.

ఇప్పుడు పాత కథను మళ్ళీ గుర్తుచేసుకోండి. కొల్లేటిలో నీరు ఎంత ఎత్తున ఉండాలి? ఎవరి కోసం దించాలి? అందుకు మూల్యం ఎవరిది? సేనాని కథలోని ప్రశ్నలే నేటి కాంటూరు వివాదంలోనూ ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. కాబట్టి ఈ ప్రశ్నలు లంక గ్రామాలకు మాత్రమే పరిమితం కావు. ఒక చోట నీటి దారి మూస్తే మరోచోట ఇల్లు మునుగుతుంది.

సరస్సును కాపాడవద్దని ఈ పరిశీలన చెప్పడం లేదు. గట్లు నిలిచి ఉంటే నష్టపోయేది కూడా పేదవారే, ఎందుకంటే వరద ముందుగా వారి ఇంట్లోకే వస్తుంది. పునరుద్ధరణ జరగాలి. అయితే దాని ఖర్చును మళ్ళీ ఒక పేరు లేని పేరంటాలి మీద వేయకూడదు. ఎవరి బతుకు మారుతుందో ముందే లెక్క వేసి, వారికి ప్రత్యామ్నాయం చూపి, ఆ తర్వాతే గట్టు తెంచాలి.

7.7 మీ ఊరి బావి: క్షేత్ర పరిశీలన

ఇక మీ వంతు. ఈ కింది క్రమంలో ఒక బావిని ఎంచుకొని నమోదు చేయండి.

మొదట కొలతలు తీసుకోండి. బావి ఆకారం, వ్యాసం, ఒర దేనితో కట్టారు, మెట్లు ఉన్నాయా, గిలక స్తంభాలు ఉన్నాయా, శాసనం లేదా శిల్పం ఉందా రాయండి. పాత బావిలోకి ఎట్టి పరిస్థితిలోనూ దిగవద్దు. అడుగున ప్రాణవాయువు తక్కువగా ఉండి, చెడు గాలి నిలిచి ఉండవచ్చు. ఇలాంటి బావులలో దిగి ఊపిరాడక మరణించినవారు ఉన్నారు. లోతును తాడుకు రాయి కట్టి పైనుంచే కొలవండి.

తర్వాత కథ సేకరించండి. కనీసం ముగ్గురి దగ్గర వినండి. అందులో ఒకరు స్త్రీ, ఒకరు ఊరి చివరి పేటకు చెందినవారు అయి ఉండాలి. బావి గట్టు మీద ఎక్కువకాలం గడిపింది నీళ్ళు మోసిన స్త్రీలే. వారు చెప్పే కథ గుడి దగ్గర చెప్పే కథకు భిన్నంగా ఉండవచ్చు. ఆ తేడాలను సరిచేయకండి, ఉన్నవి ఉన్నట్టుగా పక్కపక్కన రాయండి. ఎవరు నీళ్ళు తోడుకునేవారు, ఎవరు తోడుకోకూడదు అని నెమ్మదిగా, గౌరవంగా అడగండి. కొందరికి ఆ జ్ఞాపకం బాధ కలిగిస్తుంది. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి.

చివరగా ఫలకం మీద రాయవలసిన వాక్యాలను మీరే తయారు చేయండి. తెలిసినదాన్ని తెలిసినట్టుగా, కథను “అని చెప్పుకుంటారు” అన్న మాటతో కథగా రాయండి. నాలుగైదు వాక్యాలు మించనివ్వకండి. వాటిలో ఒక వాక్యం తప్పనిసరిగా ఆ బావిని తవ్వినవారి గురించో, నీళ్ళు మోసినవారి గురించో, నీటికి దూరంగా నిలబెట్టబడినవారి గురించో ఉండాలి.

7.8 సారాంశం

జానపద గాథ తేదీలకు ఆధారం కాదు గాని, నీటి గురించి ప్రజలకున్న జ్ఞానానికీ, భయానికీ, న్యాయబుద్ధికీ ఆధారం. పేరంటాళ్ల కనుమ, ముసలమ్మ, భాగీరథి, మేఘమాయా కథలలో నీటి మూల్యాన్ని చెల్లించేది బలహీనులే. బడీ బావ్లీ, బన్సీలాల్‌పేట బావుల అనుభవం నీటి రాకకు, పాత సామగ్రికి, నమోదుకు ప్రాధాన్యం ఇవ్వాలని నేర్పుతుంది. కొల్లేటి అనుభవం మరో మాట చేర్చుతుంది: స్థలం బాగుపడినప్పుడు అక్కడి మనుషులు కూడా మిగలాలి. మీరు నమోదు చేసే బావి చిన్నదే కావచ్చు. దాని గట్టు మీద ఎవరి కుండ పెట్టనిచ్చారు, ఎవరి కుండ పెట్టనివ్వలేదు అన్న ఒక్క సంగతి రాసినా ఆ ఊరి చరిత్రకు మీరు ఒక పేజీ చేర్చినట్టే.

7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పేరంటాళ్ల కనుమ కథలోని భూగోళ జ్ఞానాన్ని మూడు వాక్యాలలో వివరించండి.
2. ‘కథ నిజమా?’ అన్న ప్రశ్న చరిత్ర విద్యార్థికి ఎందుకు చాలదు?
3. పునరుద్ధరణకు, సుందరీకరణకు గల తేడాను మెట్లబావుల ఉదాహరణతో తెలపండి.
4. ‘ఆపరేషన్ కొల్లేరు’ లాభనష్టాలను లంక గ్రామాల కూలీ, దిగువ డెల్టా రైతు, పెద్ద లీజుదారు – ఈ ముగ్గురి కోణాల నుంచి సుమారు 30 పంక్తులలో చర్చించండి.